నౌపడ

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, టెక్కలికి చేరువగా ఉన్న గ్రామం. ఉప్పు మడులకు, రైల్వే జంక్షన్‌కు పేరుపొందింది. తూర్పున బంగాళాఖాతం, ఊరికీ కడలికీ నడుమ ఉప్పునీటి కయ్యలు, తంపర అనే చిత్తడి భూములు ఉన్నాయి.

ప్రాచీన కాలంలో ఈ సీమ కళింగంలోనిది. తొలి గాంగరాజుల్లో ఒకరైన ఇంద్రవర్మ తామ్రశాసనాలు పొరుగున సంతబొమ్మాళిలో దొరికాయి. తర్వాతి శతాబ్దాల్లో గాంగుల, గజపతుల, గోల్కొండ నవాబుల ఏలుబడులు సాగి, బ్రిటిషు వారి కాలంలో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చేరింది.

రైలు. 1890లలో తూర్పు తీరం వెంట రైలుమార్గం పడింది. మద్రాసు-కలకత్తా దారి మీదికి వచ్చిన నౌపడ నుంచి తన రాజధానికి చిన్న లైను వేయించాలని పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ తలపెట్టారు. 1898లో పనులు మొదలయ్యాయి. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో సుమారు 40 కిలోమీటర్ల మార్గం సిద్ధమై, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం మీదుగా పోయేది. తొలి ఏళ్లలో నష్టాలే వచ్చినా సంస్థానం దాన్ని వదలకపోవడం మెచ్చదగిన విషయం. 1931 నాటికి లైను గుణుపురం చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది, నౌపడ ఇటే మిగిలింది. తెలుగు ఊళ్లో ఎక్కి ఒడియా ఊళ్లో దిగే ప్రయాణం అప్పటి నుంచి రెండు రాష్ట్రాల నడుమ ప్రయాణమైంది. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. 2010 ఆగస్టులో పర్లాకిమిడి దాకా, మరుసటి ఏడు గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ బండ్లు వచ్చాయి.

ఉప్పు. ఆంధ్ర తీరంలోని ప్రధాన ఉప్పు క్షేత్రాల్లో నౌపడ ఒకటి. పోటు వేళ కాలువల గుండా వచ్చిన సముద్రపు నీటిని ముందు పెద్ద మడుల్లో నిలిపి, చిక్కబడుతున్నకొద్దీ చిన్న మడుల్లోకి మళ్లిస్తారు. చివరి మడి అడుగును కాళ్లతో తొక్కి, చదునుచేసి గట్టిపరుస్తారు. అది సరిగా కుదరకపోతే ఉప్పులో మట్టి కలిసి ధర పడిపోతుంది. మాఘం దాటి ఎండ ముదిరాక ఉప్పు గల్లు కడుతుంది. దాన్ని గట్ల మీదికి లాగి కుప్పలు పోసి, తాటాకులు కప్పుతారు. ఒక్క అకాల వర్షానికి నెలల కష్టం కరిగిపోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ జిల్లాలోనే. వెనకటి రోజుల్లో బ్రిటిషు వారి ఉప్పు శాఖ ఇక్కడ కొఠార్లు నడిపింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో చట్టాన్ని ధిక్కరించిన చోట్లలో నౌపడా ఉంది.

జనం, ఆచారాలు. ఉప్పు కూలీలు, వరి రైతులు, తీరాన చేపల వేటగాళ్లు ఇక్కడి ప్రధాన వృత్తిజనం. ఉప్పు పనిలో ఆడవారి పాలు తక్కువేమీ కాదు. ఉప్పు నీటిలో రోజంతా నిలబడి పాదాలు పగలడం వారికి ఏటా మామూలే. మాట ఉత్తరాంధ్ర యాసలో ఉంటుంది, ఒడియా కూడా చాలామందికి అర్థమవుతుంది. అమ్మవారి సంబరాలకు తప్పెటగుళ్లు ఆడతారు. కార్తీక సోమవారాల్లో రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గరికి జనం పోటెత్తుతారు. ఆ స్వామికి గుడి పైకప్పు లేదు, ఎండావానా లింగం మీదే. దగ్గరలోని తేలినీలాపురానికి శీతకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఇళ్ల పక్కన చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి మేత ఎక్కువగా నౌపడ తంపరల్లోనే. గోల, నీచువాసన భరిస్తూనే ఊరివారు వాటిని శుభసూచకమంటారు.

ఇటీవలి కాలం. తంపర భూముల్లో, కాకరాపల్లి వద్ద తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్ 19న మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అక్కడ ఇళ్లు కోల్పోయే మూలపేట, విష్ణుచక్రం వాసులకు పునరావాస కాలనీని నౌపడలో తలపెట్టారు.