‘కంపెనీ’: ఒక పదం చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ‘కంపెనీ’ అనే మాట పుట్టుకను, దాని అర్థాలు విస్తరించిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• 1611, 1766, 1833 సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ స్వభావంలో ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• పాత ఆధారాల్లోని మాటను నేటి అర్థంతో చదివితే వచ్చే పొరపాటును ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1.1 పరిచయం

కింది వాక్యాలను గమనించండి.

“టీ తాగడానికి వెళ్తున్నాను, కంపెనీ ఇస్తావా?”
“పోలింగ్ బందోబస్తుకు కేంద్ర బలగాల కంపెనీలు వచ్చాయి.”
“మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది.”
“1766లో ఉత్తర సర్కారులను నిజాం కంపెనీకి అప్పగించాడు.”

నాలుగు వాక్యాల్లోనూ మాట ఒక్కటే. మొదటిదానిలో దాని అర్థం తోడు. రెండోదానిలో సాయుధ దళం. మూడోదానిలో వ్యాపార సంస్థ. నాలుగోదానిలో ఒక ప్రాంతాన్ని ఏలే అధికారం. ఇంత దూరంగా ఉన్న అర్థాలు ఒకే మాటలోకి ఎలా వచ్చాయి?

చరిత్ర విద్యార్థికి ఈ ప్రశ్న ముఖ్యం. పాత పత్రంలో ‘కంపెనీ’ అని కనిపించినప్పుడు అది ఏ కాలపు కంపెనీయో, ఆ మాట వెనుక ఉన్న మనుషులు ఎవరో తేల్చుకోవాలి. లేకపోతే పత్రం చెప్పని విషయాన్ని మనం దానిలో చదువుతాం. ఒక మాట అర్థాలు మారిన క్రమం, ఆ మాటను వాడిన సమాజం మారిన క్రమానికి కూడా ఆధారమేనని ఈ పాఠంలో తెలుసుకుంటారు.

1.2 రొట్టె నుంచి పుట్టిన మాట

ఇంగ్లీషు ‘కంపెనీ’కి మూలం కడపటి కాలపు లాటిన్‌లోని ‘కంపానియో’ అనే మాట. ఇందులో రెండు భాగాలున్నాయి. ‘కమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కంపానియో. 6వ శతాబ్దం తొలినాళ్లకు చెందిన ఫ్రాంకుల సాలిక్ చట్టంలో ఈ మాట కనిపిస్తుంది. అంతకుముందే, 4వ శతాబ్దపు గోతిక్ బైబిలు అనువాదంలో ‘గహ్లైబ’ అనే మాట ఉంది. దానికీ ‘రొట్టె పంచుకునేవాడు’ అనే అర్థం. ఇటువంటి జర్మానిక్ మాటను చూసి, దాని అచ్చులోనే లాటిన్ మాటను పోతపోశారని భాషావేత్తలు భావిస్తారు.

ఈ భావం తెలుగువారికి కొత్తది కాదు. “ఒకే కంచంలో తిన్నవాళ్లం” అని మనం స్నేహాన్ని తిండితోనే కొలుస్తాం. ఒక పంక్తిలో కూర్చుని తినడానికి మన సమాజంలో ఎంత విలువ ఉందో, ఆ పంక్తి నుంచి లేపడం ఎంత పెద్ద శిక్షో మీకు తెలుసు. ‘పానిస్’ కూడా మనకు మరీ పరాయిది కాదు. అదే మాట పోర్చుగీసులో ‘పావ్’ అయింది. బజారులో తినే పావ్ భాజీలోని పావ్ అదే.

‘కంపానియో’ నుంచి పాత ఫ్రెంచిలో ‘కంపాన్యీ’ వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి. ఆ ప్రవాహంలో ఈ మాట కూడా 13వ శతాబ్దానికి ఇంగ్లీషులో స్థిరపడింది. స్నేహితుడనే అర్థమున్న ‘కంపానియన్’ దీని తోబుట్టువు.

1.3 అర్థాలు పెరిగిన తీరు

‘కలిసి తినేవారు’ అనే మూలార్థం నుంచి మూడు కొమ్మలు సాగాయి.

(అ) తోడు, బృందం: ఇంటికి వచ్చిన అతిథులను, ఓడలోని సిబ్బందిని, నాటకమాడే నటుల గుంపును ఇంగ్లీషులో కంపెనీ అన్నారు. మన ‘నాటకాల కంపెనీ’ ఈ కొమ్మకు చెందినదే. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లో కుటుంబాలకు కుటుంబాలే నటిస్తూ, కలిసి వండుకుని తింటూ, ఊరూరా తిరిగాయి. ఈ మాట మొదటి అర్థానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం.

(ఆ) సైనిక దళం: కలిసి బతికి, కలిసి తిని, కలిసి పోరాడే సైనికుల గుంపు కంపెనీ అయింది. 14వ శతాబ్దంలో ఫ్రాన్సు, ఇటలీల్లో కూలికి యుద్ధం చేసే ‘స్వేచ్ఛా కంపెనీలు’ ఊళ్లను దోచుకుంటూ తిరిగాయి. తరువాతి కాలపు సైన్యాల్లో ఇది బెటాలియన్‌లో ఒక భాగానికి పేరుగా నిలిచింది. మన సైన్యంలోనూ ఇదే వాడుక ఉంది.

(ఇ) వర్తక సంఘం: చరిత్రలో ఎక్కువ ప్రభావం చూపిన కొమ్మ ఇది. మధ్యయుగపు ఫ్లోరెన్సులో బార్డీ, పెరూజీ వంటి కుటుంబాలు నడిపిన వర్తక, వడ్డీ వ్యాపార సంస్థలను ‘కంపాన్యా’ అన్నారు. ఒకే ఇంటి రొట్టె తినేవారి ఉమ్మడి వ్యాపారమది. లండన్‌లో బట్టల వర్తకులు, కంసాలులు, సరుకుల వ్యాపారులు తమ తమ వృత్తి సంఘాలను కంపెనీలుగా పిలుచుకున్నారు.

ఈ మూడో కొమ్మలో రెండు రకాలను వేరుగా గుర్తుంచుకోవాలి. నియంత్రిత కంపెనీలో సభ్యులందరూ ఒకే నియమాలకు లోబడతారు గానీ, ఎవరి డబ్బుతో వారే వ్యాపారం చేస్తారు. ఉమ్మడి మూలధన కంపెనీలో అందరి డబ్బూ ఒక్కచోట చేర్చి, లాభాన్ని వాటాల ప్రకారం పంచుకుంటారు. 1555లో రష్యాతో వ్యాపారానికి సనదు పొందిన మస్కవీ కంపెనీ ఇంగ్లండులో ఈ రెండో రకానికి తొలి ఉదాహరణల్లో ఒకటి. ఇక్కడే మాట అర్థంలో పెద్ద మలుపు వచ్చింది. వాటా కొన్నవారు కలిసి తినక్కర్లేదు, ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. వారిని కలిపేది డబ్బు ఒక్కటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(1) ‘కంపానియో’ అనే మాటలోని రెండు భాగాల అర్థమేమిటి?
(2) నియంత్రిత కంపెనీకి, ఉమ్మడి మూలధన కంపెనీకి ఉన్న తేడా రాయండి.

1.4 మచిలీపట్నానికి వచ్చిన కంపెనీ

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండన్ వర్తకులకు ఒక సనదు ఇచ్చింది. అందులోని పేరు ‘తూర్పు ఇండీస్‌తో వ్యాపారం చేసే లండన్ వర్తకుల గవర్నరు, కంపెనీ’ అనే అర్థమిస్తుంది. ఇక్కడ గవర్నరు అంటే సంఘానికి అధ్యక్షుడు, కంపెనీ అంటే సంఘ సభ్యులు. దేశాన్ని పాలించే గవర్నరు అనే ఊహ ఆ పేరులో లేదు. సనదు గడువు 15 సంవత్సరాలు.

తొలి సంవత్సరాల్లో ఇది స్థిరమైన సంస్థ కూడా కాదు. ఒక్కో ఓడ ప్రయాణానికి విడిగా డబ్బు పోగుచేసి, సరుకు అమ్ముడయ్యాక లెక్కలు తేల్చుకునేవారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మచిలీపట్నం చేరింది. అది ఏడవ ప్రయాణంగా లెక్కకు వచ్చిన యాత్ర. అప్పుడు ఆ రేవు గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉంది. కోస్తా నేతగాళ్ల బట్టకు ఆగ్నేయాసియా దీవుల్లో మంచి గిరాకీ ఉండేది. ఇంగ్లీషువారు ఇక్కడ ‘ఫ్యాక్టరీ’ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలున్న కర్మాగారం అనుకోకూడదు. ఫ్యాక్టరు, అంటే వ్యాపార ప్రతినిధి, బసచేసి సరుకు నిలవచేసే చోటు అది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి ఇచ్చిన అనుమతి ‘బంగారు ఫర్మానా’గా పేరుపొందింది. అనుమతి ఇచ్చేది సుల్తాను, పుచ్చుకునేది కంపెనీ.

1657లో కంపెనీకి శాశ్వత ఉమ్మడి మూలధనం ఏర్పడింది. అప్పటినుంచి ప్రయాణాలు ముగిసినా, వాటాదారులు మారినా, సంస్థ కొనసాగింది.

1.5 కుంఫిణీ దొరతనం

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీని, అంటే పన్నులు వసూలు చేసే హక్కును, కంపెనీకి ఇచ్చాడు. 1766లో నిజాం అలీతో జరిగిన ఒప్పందం ద్వారా, గుంటూరు మినహా ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. బదులుగా కంపెనీ నిజాంకు ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుంది. గుంటూరు 1788లోనూ, దత్త మండలాలు 1800లోనూ చేరాయి.

రేవులో సరుకు కొన్నవాడు ఇప్పుడు శిస్తు అడిగేవాడయ్యాడు. ఈ కాలంలోనే ఆ మాట తెలుగు నోటిలో ‘కుంపిణీ’, ‘కుంఫిణీ’ అయింది. ‘కుంఫిణీ దొరతనం’ అన్నప్పుడు జనానికి స్ఫురించేది వ్యాపారం కాదు. కలెక్టరు, కచేరీ, సిపాయి. ‘కంపెనీ బహద్దూర్’ అనే పిలుపులో, వీరులకూ పాలకులకూ తగిలించే బిరుదు ఒక వర్తక సంస్థకు తగిలింది. పాలకుడంటే ముఖం, పేరు ఉన్న మనిషి అని ఎరిగిన సమాజం, ముఖం లేని పాలకుడికి ఇచ్చిన పేరు అది.

1.6 వ్యాపారం లేని కంపెనీ

1833 చార్టరు చట్టం కంపెనీ వ్యాపారాన్ని ముగించింది. చైనా వాణిజ్యంపై గుత్తాధిపత్యం కూడా పోయింది. ఆ తర్వాత అది భారతదేశాన్ని పాలించే యంత్రాంగంగా మాత్రమే మిగిలింది. అయినా వాటాదారులు ఉన్నారు. వారి 60 లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా 10.5 శాతం లాభాంశం, అంటే 6,30,000 పౌండ్లు చెల్లించాలని చట్టం నిర్ణయించింది. వ్యాపారం లేనప్పుడు ఈ సొమ్ము ఎక్కడినుంచి రావాలి? భారతదేశపు రాబడి నుంచి. ఆ రాబడిలో పెద్ద భాగం రైతు కట్టే భూమిశిస్తే.

అదే సమయంలో, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు పట్టుకుంది. లక్షకు పైగా జనం చనిపోయారు. చట్టం వల్ల కరువు వచ్చిందని అనలేం. కానీ వానలు లేని నేలమీద ఉన్న రైతును, లండన్‌లో స్థిరమైన లాభాంశం అందుకునే వాటాదారును ఒకే ‘కంపెనీ’ కలిపిందన్న సంగతిని విస్మరించలేం.

ఇక్కడ విద్యార్థి ఒక జాగ్రత్త తీసుకోవాలి. “కరువులో కంపెనీ ప్రజలను ఆదుకోలేదు” అని జవాబులో రాసేటప్పుడు, కంపెనీ అంటే ఎవరు? లండన్‌లోని వాటాదారులా? 24 మంది డైరెక్టర్లా? 1784 నుంచి వారిపై అజమాయిషీ చేసిన బోర్డ్ ఆఫ్ కంట్రోలా? మద్రాసులోని గవర్నరా? జిల్లాలోని అధికారులా? అందరి పనులనూ ఒకే మాట కప్పినప్పుడు ఎవరి బాధ్యతా కనిపించదు. ఆ ముసుగు తీసి, ఏ నిర్ణయం ఎవరిదో అడగడమే చరిత్రకారుడి పని.

1857 తిరుగుబాటు తర్వాత, 1858లో పాలన బ్రిటిష్ రాణి పేరిట మారింది. లాభాంశం మాత్రం అప్పుడూ ఆగలేదు. వాటాల సొమ్ము తీర్చివేసి, 1874 జూన్ 1న కంపెనీని రద్దుచేశారు. వ్యాపారం పోయిన 40 ఏళ్లకు, పాలన పోయిన 16 ఏళ్లకు ఆ పేరు ముగిసింది.

1.7 నేటి అర్థం

19వ శతాబ్దంలో కంపెనీ పెట్టడానికి రాజసనదు అవసరం తగ్గింది. బ్రిటన్‌లో 1844 చట్టం నమోదు పద్ధతిని, 1855 చట్టం పరిమిత బాధ్యతను తెచ్చాయి. కంపెనీ అప్పులపాలైతే వాటాదారు తన వాటా మేరకే నష్టపోతాడు. పేర్ల చివర కనిపించే ‘లిమిటెడ్’ అనే మాట ఈ హద్దునే చెబుతుంది. భారతదేశంలో 1850, 1857 చట్టాలు ఇదే బాట పట్టాయి. 1896లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో బ్రిటిష్ ప్రభువుల సభ, కంపెనీ దాని సభ్యులకన్నా వేరైన చట్టపరమైన ‘వ్యక్తి’ అని తేల్చింది. మన 2013 కంపెనీల చట్టం ‘ఏకవ్యక్తి కంపెనీ’ని కూడా అనుమతించింది.

కలిసి తినేవారు అనే అర్థంతో పుట్టిన మాట, ఒంటరి మనిషికి కూడా వర్తించే స్థితికి వచ్చింది. అయినా పాత అర్థం చెరిగిపోలేదు. “కంపెనీ ఇస్తావా” అని మిత్రుణ్ణి పిలిచే ప్రతిసారీ పదిహేను వందల ఏళ్ల నాటి అర్థాన్నే వాడుతున్నాం.

1.8 సారాంశం

‘కంపెనీ’ రొట్టె పంచుకునేవారి సహవాసంగా మొదలై, దళంగా, వర్తక సంఘంగా, వాటాల సంస్థగా, పాలనాధికారంగా, చట్టపరమైన వ్యక్తిగా మారింది. కొత్త అర్థం వచ్చినా పాతది పోలేదు. 1611లో మచిలీపట్నంలో అనుమతి కోరిన కంపెనీ, 1766లో ఉత్తర సర్కారులు పొందిన కంపెనీ, 1833లో వ్యాపారం కోల్పోయిన కంపెనీ పేరుకు ఒక్కటే, స్వభావంలో వేరు. 1611 నాటి వర్తకుడిలో 1766 నాటి పాలకుణ్ణి చూడటం కాలవిరుద్ధమైన పఠనం.

1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ‘కంపెనీ’ అనే మాట అర్థాలు విస్తరించిన క్రమాన్ని వివరించండి.
2. ఈస్టిండియా కంపెనీ వర్తక సంస్థ నుంచి పాలక సంస్థగా మారిన తీరును కోస్తాంధ్ర ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 1833 చార్టరు చట్టం తర్వాత కంపెనీ వాటాదారుల స్థితి ఏమిటి?
2. 17వ శతాబ్దపు ‘ఫ్యాక్టరీ’కి, నేటి ఫ్యాక్టరీకి తేడా రాయండి.
3. మీ ఇంట్లో, ఊళ్లో ‘కంపెనీ’ అనే మాటను వాడే నాలుగు సందర్భాలను సేకరించి, ఒక్కొక్కటీ ఏ కొమ్మకు చెందుతుందో గుర్తించండి.