రోజుకు 400 లారీలు

2005 నవంబర్ 14, జెరూసలేం. దక్షిణ కొరియాకు బయలుదేరాల్సిన అమెరికా విదేశాంగ మంత్రి కండోలీజా రైస్ ప్రయాణం వాయిదా వేసుకున్నారు. ఆ రోజు ఆమె పుట్టినరోజు. ఇటు ఇజ్రాయెల్ అధికారులు, అటు పాలస్తీనా ప్రతినిధులు, నడుమ ప్రపంచ బ్యాంకు మాజీ అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్సన్. తెల్లవార్లూ బేరం సాగింది. బేరమంతా గాజా గేట్ల మీదే.

రెండు నెలల కిందటే ఇజ్రాయెల్ సైన్యం గాజా ఖాళీ చేసింది. కానీ సముద్రం, ఆకాశం, సరుకు దాటే దారులు దాని చేతిలోనే ఉండిపోయాయి.

పంట మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇజ్రాయెలీ సెటిలర్లు వదిలేసిన గ్రీన్‌హౌస్‌లను వుల్ఫెన్సన్ దాతల చేత 1.4 కోట్ల డాలర్లకు కొనిపించారు. తన సొంత డబ్బు 5 లక్షల డాలర్లు అందులో వేశారు. లూటీ పోగా మిగిలినవాటిని పాలస్తీనా కూలీలు బాగుచేసి నాట్లు వేశారు. టొమాటోలు, స్ట్రాబెర్రీలు బయటి మార్కెట్‌కు చేరాలంటే దారి ఇజ్రాయెల్ సరిహద్దులోని కర్నీ గేటు. అక్కడ గోడకు అవతలో లారీ, ఇవతలో లారీ. సరుకంతా దించాలి, తనిఖీ కావాలి, మళ్లీ ఎక్కించాలి. గేటు నాలుగు రోజులు మూస్తే రైతు కష్టం కుళ్లిపోయినట్టే.

అసలు పీటముడి కస్టమ్స్ దగ్గర పడింది. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్‌కూ పాలస్తీనాకూ దాదాపు ఒకటే సుంకం. పాలస్తీనా సరుకు మీద సుంకం ఇజ్రాయెల్ వసూలు చేసి, నెలనెలా పాలస్తీనా ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఈజిప్టు సరుకు ఆ దేశపు సరిహద్దులోని రఫా గేటు గుండా స్వేచ్ఛగా వస్తే ఈ ఏర్పాటుకు గండి పడుతుందని ఇజ్రాయెల్ వాదన. తమ సరిహద్దును తామే చూసుకోవాలన్నది పాలస్తీనా పట్టుదల.

15న ఒప్పందం కుదిరింది. రఫాలో మనుషుల రాకపోకలు పాలస్తీనా చేతికి, యూరప్ పరిశీలకుల కళ్ల ముందు. దిగుమతులు మాత్రం ఇజ్రాయెల్ వైపున్న కెరెమ్ షాలోమ్ గేటు నుంచి, ఇజ్రాయెల్ కస్టమ్స్ పర్యవేక్షణలో. కర్నీలో డిసెంబర్ ఆఖరుకు రోజుకు 150 ఎగుమతి లారీలు, 2006 ఆఖరుకు 400. ఓడరేవు కట్టుకోవచ్చు.

అన్నిటికీ తేదీలు రాశారు. గేటు మూస్తే అడిగే నాథుడెవరో రాయలేదు. నాకు గుండె మండేది అక్కడే.

నవంబర్ 25న రఫా తెరుచుకుంది. జనవరిలో భద్రతా కారణాలంటూ కర్నీ మూసేశారు, సరిగ్గా కోతల వేళ. కోసిన కాయను పారబోశారు. అదే నెలలో హమాస్ ఎన్నికలు గెలిచింది. సుంకం సొమ్ము ఇవ్వడం ఇజ్రాయెల్ ఆపేసింది. ఏప్రిల్ నెలాఖరుకు వుల్ఫెన్సన్ మధ్యవర్తి బాధ్యత నుంచి తప్పుకున్నారు. జూన్ 25న ఇజ్రాయెల్ సైనికుడు గిలాద్ షలిత్ బందీగా పట్టుబడ్డాక రఫా కూడా చాలా రోజులు మూతబడే ఉంది.

ఏడాది తిరిగేసరికి ఐక్యరాజ్య సమితి లెక్క తీసింది. కర్నీ దాటిన ఎగుమతి లారీలు రోజుకు సగటున 12. ఓడరేవు పని మొదలే కాలేదు.