కన్నబిడ్డను అమ్ముకున్న పాపం

1012 ఏప్రిల్ 19, శనివారం. లండన్‌కు దిగువన గ్రీనిచ్‌లో డేన్ సైనికులు తప్పతాగి ఉన్నారు. వాళ్ల చేతిలో ఏడు నెలలుగా బందీగా ఉన్న కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆల్ఫేజ్‌ను ఈడ్చుకొచ్చారు. తన విడుదల కోసం ఎవరూ ధనం చెల్లించవద్దని ఆ వృద్ధుడు తన వాళ్లను వారించాడు. ఆ కోపంతో విందులో మిగిలిన ఎద్దు ఎముకలు, తలలు ఆయన మీదికి విసిరారు. చివరికి ఒకడు గొడ్డలి వెనకవైపుతో తల మీద కొట్టాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఇంగ్లండ్ ఆ సేనకు 48,000 పౌన్ల కప్పం కట్టింది. డబ్బు ముట్టింది, ఆచార్యుడి ప్రాణమూ పోయింది.

ఈ కబురు ఉత్తరాన యార్క్‌లో ఉన్న మరో ఆర్చిబిషప్‌కు చేరింది. ఆయన పేరు వుల్ఫ్‌స్టన్. రాతల్లో లూపస్, అంటే తోడేలు, అని సంతకం చేసేవాడు. ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్ శాసనాలకు ముసాయిదా రాసిందీ ఆయనే.

అప్పటికి మూడేళ్ల కిందట, 1009లో, డేన్ల సేన వచ్చిపడినప్పుడు దేశమంతా ప్రాయశ్చిత్తం చేయాలని ఆయన కలంతోనే రాజాజ్ఞ వెలువడింది. మూడు రోజులు రొట్టె, ఆకుకూరలు, నీళ్లే ఆహారం. అందరూ చెప్పుల్లేకుండా చర్చికి నడవాలి. బానిసలకు ఆ మూడు రోజులూ పని నుంచి సెలవు. కానీ ఉపవాసం తప్పిన బానిసకు కొరడా దెబ్బలు, స్వతంత్రుడికైతే జరిమానా. దేశం పాపం కడుక్కుంటున్న వేళ కూడా బలహీనుడి వీపే చిట్లింది. ఈ తేడా ఆ శాసనంలోనే రాసి ఉంది, మన మనసుకు ముల్లులా తగులుతుంది.

ఉపవాసాలు యుద్ధాన్ని ఆపలేదు. 1013లో డెన్మార్క్ రాజు స్వేన్ దండెత్తితే ప్రాంతాలు ఒక్కొక్కటిగా లొంగిపోయాయి. ఎథెల్‌రెడ్ సముద్రం దాటి నార్మండీకి పారిపోయాడు. 1014 ఫిబ్రవరి 3న స్వేన్ హఠాత్తుగా చనిపోయాడు. గద్దె మీద ఎవరున్నారో తెలియని రోజులవి. ఆ నెల 16న యార్క్‌లో వుల్ఫ్‌స్టన్ చేతుల మీదుగా లండన్‌కు కొత్త బిషప్ అభిషేకం జరిగింది. ఇంగ్లిష్ జాతికి తోడేలు చేసిన హెచ్చరికగా పేరుపడ్డ ప్రసంగాన్ని ఆ సభలోనే చేసి ఉంటాడని కొందరు చరిత్రకారుల ఊహ.

ఆ సభను తలచుకుందాం. మాఘమాసపు చలి, ఎదురుగా పెద్దలు, భూస్వాములు, మఠాధిపతులు. మాట్లాడుతున్నది లాటిన్ కాదు, వాళ్ల ఇంటి భాష. తొలి అక్షరాలు కలిసే జంట మాటలు, మన యతిలాగా, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. లోకాంతం దగ్గరపడిందన్న మాటతో మొదలుపెట్టి ఆయన నేరుగా ఊళ్లలోకి దిగాడు.

పాపమంటే మనసులో మెదిలే చెడు తలంపుల జాబితా అని చెప్పలేదాయన. ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పాడు. తండ్రి బిడ్డను అమ్మాడు, బిడ్డ తల్లిని అమ్మాడు, అన్న తమ్ముణ్ని అమ్మాడు. విధవలకు బలవంతపు పెళ్లిళ్లు చేశారు. కొందరు మగవాళ్లు తలా ఇంత వేసుకుని ఒక స్త్రీని కొన్నారు, వంతులవారీగా చెరిచారు, ఆపై పరదేశంలో శత్రువుల చేతికి అమ్మేశారు. దేవుడు ఎంతో మూల్యం చెల్లించి కొనుక్కున్న ప్రాణి ఆమె, అన్నాడు. ఆ ఒక్క వాదం కోసమైనా వుల్ఫ్‌స్టన్‌ను చదవాలి. ఆమెకు ఒక యజమాని ముందే ఉన్నాడు, మీరు అమ్మింది మీ సొత్తు కాదు అని ఆ కాలపు బేరగాళ్లకు అర్థమయ్యే లెక్కలోనే చెప్పాడు.

డేన్లనూ ఆయన వదల్లేదు. భార్యను, కూతుర్ని శత్రువులు చెరుస్తుంటే దొర నిలబడి చూస్తున్నాడని అన్నాడు. అయినా వేలు మళ్లీ మళ్లీ తిరిగింది సొంత జాతి వైపే. ప్రభువుకు ద్రోహం చేయడం ఘోరపాపమంటూ రెండు సంఘటనలు గుర్తుచేశాడు: 978లో రాజు ఎడ్వర్డ్ హత్య, ఇప్పుడు ఎథెల్‌రెడ్‌ను తరిమేయడం. ఎడ్వర్డ్ మరణంతోనే అతని సవతి తమ్ముడు ఎథెల్‌రెడ్‌కు సింహాసనం దక్కింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి గుండె ధైర్యం కావాలి.

ఆ వసంతంలోనే ఎథెల్‌రెడ్ తిరిగొచ్చాడు, 1016లో మరణించాడు. తర్వాత గద్దెనెక్కిన స్వేన్ కొడుకు కనూట్‌కూ శాసనాలు రాసిపెట్టింది వుల్ఫ్‌స్టనే. నిర్దోషులైన క్రైస్తవుల్ని దేశం బయట అమ్మకూడదన్న నియమం ఎథెల్‌రెడ్ చట్టంలోనూ ఉంది, కనూట్ చట్టంలోనూ ఉంది. శత్రు రాజు కొలువులో చేరాడని ఆయన్ను తప్పుపట్టేవారు ఉండొచ్చు. రాజు మారినా ఆ నియమాన్ని మారనివ్వలేదు కాబట్టి, నా దృష్టిలో ఆయన మాట తప్పలేదు.

వుల్ఫ్‌స్టన్ 1023లో యార్క్‌లో కన్నుమూశాడు. అమ్మకాలు మాత్రం ఆగలేదు. బ్రిస్టల్ రేవు నుంచి ఐర్లండ్‌కు మనుషుల్ని ఎగుమతి చేస్తుంటే, అదే పేరున్న మరో బిషప్, వూస్టర్ వుల్ఫ్‌స్టన్, ఆ శతాబ్దం చివరి భాగంలో అక్కడికి వెళ్లి ప్రబోధాలు చేయాల్సి వచ్చింది. మనుషుల్ని పశువుల్లా అమ్మే వ్యాపారం ఇక సాగకూడదని 1102లో వెస్ట్‌మినిస్టర్ చర్చి సభ తీర్మానించేనాటికి, 1014 నాటి తోడేలు ప్రసంగం జరిగి 88 ఏళ్లు గడిచాయి.