పులుపు వేరు, గుణము వేరు

పాతపట్నము చుట్టుపట్ల కొండలనుండి రెండు పులుపులు సంతకు దిగును. ఒకటి చింతపండు, రెండవది ఉసిరికాయ. చింతపండు లేనిదే మన యింట పులుసు లేదు, చారు లేదు. ఉసిరినో, కార్తీక వనభోజనములకును, క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో కొమ్మ నాటుటకును తలంచుకొని, కొంత తొక్కు పెట్టి, పిమ్మట మరచిపోవుదుము. ఈ రెంటి తారతమ్యము తెలియుటకు లోకమునకు సుమారు నూటడెబ్బది యేండ్లు పట్టినది. నేడు మేము మనవి చేయబోవునది ఆ కథయే.

చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుట, ఒడలెల్ల కమిలిన మచ్చలు, మానిన గాయములు తిరిగి పగులుట. స్కర్వీ అను ఈ వ్యాధి నావికులను వేలకొలదిగా బలిగొన్నది. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క ఔషధ మిచ్చెను. నారింజలు, నిమ్మపండ్లు తినిన జంటయే త్వరగా కోలుకొన్నది. వారిలో నొకడు ఆరు దినములకే పనికి లేచెను. వెనిగరు త్రాగినవారికి గుణము కానరాలేదు. పులుపులలో భేదమున్నదని ఆనాడే తేటపడవలసినది. కాని పందొమ్మిదవ శతాబ్ది నడుమ, ఆంగ్ల నౌకాదళమువారు పెద్ద నిమ్మను విడిచి, వెస్టిండీసులనుండి వచ్చు చిన్న నిమ్మ రసమును ఓడల కెక్కించిరి. పులుపు చాలునని వారి నమ్మకము.

ప్రథమ ప్రపంచ సంగ్రామమున ఈ వ్యాధి మన సిపాయిలపై బడినది. 1915 డిసెంబరు మొదలు 1916 ఏప్రిలు వరకు మెసపొటేమియాలోని కూట్ పట్టణము తురుష్కుల ముట్టడిలో నుండెను. లోపల కూరగాయలు కరవైనవి. తెల్లసిపాయిలు గుఱ్ఱపు మాంసము తినిరి; మనవారిలో అనేకులు ఆచారమునకు వెఱచి చాలకాలము దానిని ముట్టలేదు. తెల్లపిండి రొట్టె తినిన తెల్లవారికి బెరిబెరి వచ్చినది. ముడిపిండి తినిన మనవారికి అది రాలేదు గాని స్కర్వీ వచ్చినది. ఒకే ముట్టడిలో రెండు పంక్తులు, రెండు రోగములు! తాజా మాంసమున కొద్దిగా నుండు పదార్థమేదో మనవారికి కొరవడినది.

ఆ సంగ్రామకాలముననే లండనులోని లిస్టరు సంస్థలో హారియెట్ చిక్ అను విదుషియు, ఆమె తోడివారును నిమ్మజాతులను గినీపందులకు పెట్టి పరీక్షించిరి. చిన్న నిమ్మకు పెద్ద నిమ్మలో నాలుగవవంతు శక్తియే కలదనియు, నిలవయుంచిన రసము దాదాపు నిష్ఫలమనియు తేలినది. మన యింటి నిమ్మ ఈ చిన్న నిమ్మకు చుట్టమే. తాజాగా పిండుకొన్నచో మనకు చక్కగా నుపకరించును. చింతపండును, ఎండు మామిడిని గూడ వారు పరీక్షించిరి. అవి నిమ్మరసమునకు సాటిరాలేదు. రోగము నాపు పదార్థమును 1928లో హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జి వేరుపరచెను. అదియే సి విటమినని 1932లో రుజువైనది.

ఇక మన ఉసిరి. 1939-40లో పంజాబునందలి హిస్సారు ప్రాంతమున కరవు వచ్చి స్కర్వీ ప్రబలగా, ఉసిరియే మందైనది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారి పాత పట్టికలలో నూరు గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాములు, చింతపండులో 3 మాత్రమే. తరువాతి కొలతలలో ఉసిరి అంకె తగ్గినను, ఒకటి రెండు కాయలు పెద్దవారి దినావసరమునకు చాలును. కూరను మిక్కిలిగా ఉడికించి నీరు పారబోసినచో ఈ విటమిను నశించును. ఉసిరిలో మాత్రము పులుపు, వగరు దానిని కొంత కాపాడును. ఉసిరి దొరకని నెలలలో జామయు, మునగాకును, మొలకెత్తిన పెసలును కలవు.

పాతపట్నమునకు తూర్పున ఉద్దానపు తోటలలో జీడిమామిడి పండు గలదు. నూరు గ్రాములకు 180 మిల్లీగ్రాములని ఆ పాత పట్టికలే చెప్పుచున్నవి. గొంతు పట్టునని పిల్లలు ఉప్పద్దుకొని తిందురు. పెద్దలు గింజ తీసికొని పండును చెట్టు క్రిందనే విడిచిపెట్టుదురు.