డోర్నకల్ దేవాలయం చెప్పే క్రిస్మస్ అర్థం



డిసెంబరు వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఇతర మతాలకు చెందిన మిత్రులు ఎంతో ఆప్యాయంగా శుభాకాంక్షలు చెబుతారు. వారిలో కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. "బుద్ధ జయంతి చేసుకుంటాం, గాంధీ జయంతి చేసుకుంటాం. క్రిస్మస్ కూడా అలాంటి జయంతే గదా?" సర్వీసులో ఉన్నన్నాళ్ళూ దీనికి తీరుబడిగా జవాబు చెప్పే సావకాశం కలగలేదు. ఈ ప్రత్యేక సంచికలో ఆ ప్రయత్నం చేస్తాను. అందుకు బెత్లెహేము దాకా పోనక్కర లేదు, మన పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్ దాకా వస్తే చాలు.

కాజీపేట నుండి విజయవాడ పోయే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ మనందరికీ తెలిసినదే. 2016 నుండి అది మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. అక్కడి పెద్ద చర్చిని మొదటిసారి చూసినవారు కాస్త తికమక పడతారు. రాతి స్తంభాలు చూస్తే మన దేవళం, గుమ్మటాలు చూస్తే మసీదు, సిలువ చూస్తే చర్చి. ఇంగ్లీషు దొరల చర్చి నమూనాను దించకుండా ఈ నేల మీది కట్టడాల తీరులోనే దానిని కట్టించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాని పేరు ఎపిఫనీ కెథీడ్రల్.

ఆ పేరులోనూ, ఆ తేదీలోనూ మన ప్రశ్నకు జవాబు ఉన్నది. ఎపిఫనీ అన్నది గ్రీకు మాట. ప్రత్యక్షత, అంటే దేవుడు కంటికి కనబడడం అని అర్థం. క్రీస్తు పుట్టిన తేదీ సువార్తలలో ఎక్కడా లేదు. డిసెంబరు 25న పండుగ చేసినట్లు మనకు దొరికే తొలి ఆధారం రోము నగరంలో 336వ సంవత్సరానిది. తూర్పు దేశాల సంఘాలు జనవరి 6ను పాటించేవి. అర్మేనియా సంఘం నేటికీ ఆ రోజునే క్రీస్తు జననాన్ని కొనియాడుతుంది. పశ్చిమ సంఘాలలో మాత్రం అది తూర్పుదేశపు జ్ఞానులు శిశువును దర్శించిన రోజుగా నిలిచింది. కనుక ముఖ్యం తేదీ కాదు, కనబడినది ఎవరు అన్నదే ముఖ్యం.

ఆ జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారని మత్తయి సువార్త చెబుతుంది. ఈ మూడింటికీ పెద్దలు అర్థం చెప్పారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం మరణించబోయే మనిషికి. శవాన్ని సిద్ధపరచడానికి బోళం వాడేవారు. అంటే ఒకే శిశువుకు దేవునికిచ్చే ధూపద్రవ్యమూ ఇచ్చారు, మనిషి చావుకు కావలసినదీ ఇచ్చారు.

ఈ రెండూ ఒక్కరిలో ఎలా కుదురుతాయి అన్న వాదం ఆ రోజుల్లో చాలా దూరం పోయింది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు, కుమారుడు ఎంత గొప్పవాడైనా దేవుడు సృష్టించినవాడే అని బోధించాడు. ఈ తగవు తీర్చడానికి కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 325లో, నేటి టర్కీ దేశంలోని నైసియాలో బిషప్పుల సభ పిలిపించాడు. కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడు, సృష్టింపబడినవాడు కాడు అని సభ తీర్మానించింది. ఆ తీర్మానానికి 2025లో 1,700 ఏళ్ళు నిండాయి.

తరువాతి దశాబ్దాలలో కొందరు 'ఏకతత్త్వం'కు బదులు 'సదృశ తత్త్వం' అందామని రాజీ తెచ్చారు. గ్రీకులో హోమోఊసియోస్, హోమోయిఊసియోస్ అనే ఈ రెండు మాటలకు ఒక్క అక్షరమే తేడా. ఒక్క అక్షరానికి ఇంత రభసా అని నవ్వేవారున్నారు. మన గుమస్తాలం మాత్రం నవ్వలేము. జీవోలో ఒక్క అక్షరం మారితే పెన్షను ఏమవుతుందో మనకు తెలుసు! దేవుని వంటివాడు వచ్చాడనడం వేరు, దేవుడే వచ్చాడనడం వేరు. మొదటిది నిజమైతే దేవుడు తన కింది అధికారిని పంపి ఊరుకున్నట్లు. రెండవది నిజమైతే తానే దిగివచ్చినట్లు.

తెలుగువారికి అవతారం అన్న మాట కొత్త కాదు. తెలుగు క్రైస్తవులు కూడా నరావతారం అంటారు. అయితే దేవుడు ఒక్కసారే, సంపూర్ణ మానవుడై ఆకలిని, అలసటను, మరణాన్ని అనుభవించాడని క్రైస్తవ విశ్వాసం. తెలుగు బైబిలులో యోహాను సువార్త దీనికి 'శరీరధారి' అన్న మాట వాడింది. గాంధీ మహాత్ముడు కొండమీది ప్రసంగాన్ని ఎంతో ప్రేమించారు గానీ, యేసు ఒక్కడే దైవకుమారుడన్న మాటను అంగీకరించలేకపోయినట్లు ఆత్మకథలో రాసుకున్నారు. అది వారి నిజాయితీ. ఆ ఒక్క మాట దగ్గరే క్రిస్మస్ తక్కిన జయంతులకు వేరవుతుంది.

ఈ సిద్ధాంతంతో సామాన్యునికి పనేమిటి? దీనికి జవాబు డోర్నకల్ దేవాలయాన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితంలో దొరుకుతుంది. ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతంలో నాడార్ల ఇంట పుట్టారు. ఆ రోజుల్లో ఆ కులస్థులకు అక్కడి గుళ్ళలోకి ప్రవేశం లేదు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో దొరల ముఖం మీదనే, మీరు త్యాగాలు చేస్తున్నారు సరే, మాకు స్నేహితులు కండి అని అడిగారు. 1912 డిసెంబరు 29న, క్రిస్మస్ అయిన నాలుగు రోజులకు, కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలిజనం. ఇంటి ఆడవారు వండుకునే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెట్టేవారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని ఆ మనుషులకు, ఆ రెండు పల్లెలు కూడా ఒకదానినొకటి దూరం పెట్టుకునే ఆ కాలంలో, ఒకే బల్ల వద్ద ఒకే పాత్రలోని ద్రాక్షరసం అందింది. పశువుల తొట్టిలో పడుకున్నది ఒక మహాపురుషుడే అయితే ఆ కథ వారికి ఓదార్పు మాత్రమే. అక్కడ పడుకున్నది సాక్షాత్తు దేవుడే అయితే? దేవుడు ధరించిన మానవ దేహాన్ని అంటరానిదని చెప్పే హక్కు ఇక ఎవరికున్నది? నైసియా పండితుల తీర్మానం డోర్నకల్ కూలివానికి తల ఎత్తుకొనే పత్రమయింది.

అంతటితో కులభేదం పోయిందని నేననను. చర్చిలలోనూ అది మిగిలే ఉన్నది. పండుగ చేసుకునే ప్రతి సంఘమూ ఏటా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే.

అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ డయోసిస్ కలిసింది. వీలున్న సభ్యులు మనవలను, మనవరాళ్ళను వెంటబెట్టుకొని ఒకసారి ఆ దేవాలయాన్ని చూచి రావలసిందిగా మనవి. గుమ్మటాలు, స్తంభాలు చూపించి, ఆ పేరుకు అర్థం కూడా చెప్పండి.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.