పొగడ్త ఒక భాషలో, పొలిమేర ఒక భాషలో

తిరువాలంగాడులో 1905లో బయటపడ్డ రాగి శాసనాన్ని చరిత్రకారులు ఎక్కువగా చోళుల వంశావళి కోసమే చదివారు. నిజానికి అది ఒక కార్యాలయపు కాగితం. రాజేంద్ర చోళుడి ఆరో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 1018 ప్రాంతంలో, పళైయనూరును తిరువాలంగాడు గుడికి ఇచ్చిన సంగతి 31 రేకుల మీద చెక్కారు. వంశ ప్రశస్తి సంస్కృతంలో, గ్రంథ లిపిలో ఉంది. పొలిమేరలు, మినహాయింపులు, ఉత్తర్వును అమలుచేసిన అధికారుల వివరాలు తమిళంలో ఉన్నాయి. రకరకాల చదువులవాళ్లు కలిసి చేయాల్సిన పనికి ఏ ఏర్పాటు కావాలో చోళుల కచేరీకి తెలుసు: పొగడ్త ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు, పని చేసేవాడి భాష పొలిమేర దగ్గర ఉండాలి.

ఇందులో ఔదార్యమేముంది, గొప్ప స్థానం సంస్కృతానికే దక్కిందిగా అనవచ్చు. దక్కింది, కాదనలేం. అయితే ఆరో ఏటి దానపు శాసనంలోని సంస్కృత భాగం ఆ తర్వాత జరిగిన గంగా దండయాత్రను కూడా కీర్తిస్తుంది. అందుకే ఆ భాగం తర్వాత చేరిందని పండితులు తేల్చారు. ప్రశస్తి ఆగగలిగింది, పొలిమేర ఆగలేదు. ఇక చదువురాని రైతుకు ఏ భాషైతేనేం అన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. దానికి జవాబు రేకుల్లోనే ఉంది. ఆడ ఏనుగును పొలిమేర చుట్టూ నడిపించి హద్దు నిలిపారు. అక్షరం రానివాడికీ ఆ నడక కనబడుతుంది.

ఆ తిరువాలంగాడు ఉన్న తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అంతవరకూ తెలుగులో దరఖాస్తు రాసినవాడికి ఆ రోజు నుంచి కచేరీ భాష మారింది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణకు కేంద్రం 1956లోనే ఒక పత్రం తెచ్చింది. ఒక ప్రాంతంలో వాళ్లు 15-20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వాళ్ల భాషలోనూ ఇవ్వడం మేలంది. ఆ ఆలోచన మంచిదే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ అంత దూరం పోలేదు: నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉంటే చాలంది. గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడ లాంటి చోట ఒకే షెడ్డులో తమిళం, తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు పనిచేస్తుంటే ఆ 'ఎక్కువమంది' లెక్కలో మిగిలినవాళ్లు జారిపోతారు. అన్ని కాగితాలూ నాలుగు భాషల్లో వేయడం ఖర్చని యాజమాన్యాలు అంటే ఒప్పుకోవచ్చు, అన్నీ వేయనక్కర్లేదు కూడా. కంపెనీ ఆశయాల పలక ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ప్రెస్ మిషన్ ఆపే మీట దగ్గరా, నిప్పంటుకుంటే బయటపడే దారిలోనూ నాలుగు భాషలు, పక్కన బొమ్మా కావాలి.