కోటిపల్లి - నరసాపురం రైలుమార్గం

కోటిపల్లి - నరసాపురం రైలుమార్గం ఆంధ్రప్రదేశ్ లోని కోనసీమ మీదుగా నిర్మించ తలపెట్టిన కొత్త రైలుమార్గం. దీని పొడవు సుమారు 57 కిలోమీటర్లు. 2000-01 రైల్వే బడ్జెటులో ఇది మంజూరైనది. 2025 నాటికి, అనగా 25 సంవత్సరాల తరువాత కూడా, ఈ మార్గం పూర్తి కాలేదు. ప్రభుత్వ పనులలో జాప్యం వలన వ్యయం పెరిగి, పెట్టిన సొమ్ము ఫలితమివ్వకుండా నిలిచిపోవడానికి దీనిని ఒక ఉదాహరణగా చెప్పవచ్చు.

భౌగోళిక నేపథ్యం
గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల మధ్య ఉన్న డెల్టా భూభాగమే కోనసీమ. వైనతేయ పాయ దీనిని మరల రెండుగా చీలుస్తుంది. అమలాపురం ఇక్కడి ముఖ్య పట్టణం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు కేంద్రం. ఈ పట్టణానికి రైలు సౌకర్యం లేనందున ప్రయాణీకులు రాజమండ్రి, కాకినాడ, పాలకొల్లు, నరసాపురం స్టేషన్లకు వెళ్ళి రైలు ఎక్కవలసి వచ్చేది. అంబాజీపేట మార్కెట్టు నుండి ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళే కొబ్బరికాయలు ప్రధానంగా లారీలలోనే రవాణా అవుతూ వచ్చాయి.

చరిత్ర
కాకినాడ నుండి గౌతమి ఎడమ గట్టున ఉన్న కోటిపల్లి వరకు 45 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 1928లో నిర్మించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, యుద్ధ అవసరాలకై దీని పట్టాలను తొలగించారు. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు పైగా ఇక్కడ రైలు లేదు. పట్టాలు మరల పరచి 2004లో ఈ మార్గాన్ని తెరిచారు. దీనిపై ఒకే పెట్టె గల రైలుబస్సును నడిపారు. మార్గం నది ఒడ్డున ఆగిపోవడం వలన, ఆవలి గట్టుకు వెళ్ళవలసినవారికి దీని ప్రయోజనం పరిమితంగానే ఉండేది.

ఈ మార్గాన్ని నది దాటించి, ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు ప్రాంతాల మీదుగా నరసాపురంలో కలపడమే కొత్త ప్రతిపాదన. ఇందుకై కృషి చేసినవారిలో అమలాపురం లోక్ సభ సభ్యుడు, 1998 నుండి లోక్ సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి.బాలయోగి ముఖ్యుడు. ఆయన 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు.

వ్యయం, నిధులు
ఈ మార్గం అంచనా వ్యయం తరువాతి కాలంలో రూ.2,120 కోట్లకు చేరింది. అనగా కిలోమీటరుకు సుమారు రూ.37 కోట్లు. ఇందులో 25 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించవలసి ఉన్నది. ఈ లెక్కన రాష్ట్ర వాటా రూ.530 కోట్లు.

జాప్యానికి కారణాలు
* నిధుల విభజన: బడ్జెటులో ఒక పని మంజూరు కావడం వేరు, దానికి ఏటా సొమ్ము విడుదల కావడం వేరు. దేశంలో ఒకేసారి వందల పనులు చేపట్టడం వలన ఒక్కొక్క పనికి దక్కే భాగం తగ్గుతుంది. ఈ మార్గానికి పలు సంవత్సరాలలో నామమాత్రపు కేటాయింపులే జరిగాయి.
* ఉమ్మడి వ్యయం: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ సొమ్ము జమ చేయవలసిన పనిలో ఒక పక్షం వెనుకబడితే రెండవ పక్షం పని కూడా మందగిస్తుంది.
* భూసేకరణ: ఇక్కడి కొబ్బరితోటలు, వరిపొలాలు విలువైనవి. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం వలన పరిహారం పెరిగింది. భూమిని ముందే సేకరించి ఉంటే ఈ భారం తగ్గి ఉండేది.
* వంతెనలు: గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు అవసరం. ఒండ్రు నేలలో పునాదులు లోతుగా వేయవలసి ఉంటుంది.

ఫలితాలు
గౌతమి పాయలో రైలు వంతెన కొరకు స్తంభాలు నిర్మించారు. అయితే రైలుమార్గంలో ఒక భాగం పూర్తయినంత మాత్రాన ఆ మేరకు ప్రయోజనం కలుగదు. చివరి వంతెన, చివరి భూఖండం సిద్ధమైన తరువాతనే కాకినాడ, నరసాపురంల మధ్య రైలు నడుస్తుంది. అంతవరకు ఖర్చుపెట్టిన సొమ్ము నిరుపయోగంగా ఉండగా, మిగిలిన పని ఖర్చు ధరలతో పాటు పెరుగుతూ ఉంటుంది.

దీనికి భిన్నంగా రోడ్డు మార్గంలో మూడు పాయలపైనా వంతెనలు పూర్తయ్యాయి. అవి యానాం - యెదుర్లంక, బోడసకుర్రు - పాశర్లపూడి, దిండి - చించినాడ వంతెనలు. మొదటి దానికి బాలయోగి పేరు పెట్టారు.

దేశవ్యాప్త పరిస్థితి
ఇది ఒక్క కోనసీమకు పరిమితమైన సమస్య కాదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2015లో సమర్పించిన నివేదిక భారతీయ రైల్వేలలో కొనసాగుతున్న 442 పనులను పరిశీలించింది. వాటిలో 75 పనులు 15 సంవత్సరాలకు పైగా సాగుతున్నాయని, జాప్యం మూలంగా వ్యయం సుమారు రూ.1.07 లక్షల కోట్లు పెరిగిందని పేర్కొన్నది. కొత్త పనులు మంజూరు చేసేటప్పుడు, పాతవాటిని పూర్తిచేయడానికి ఇంకా కావలసిన మొత్తాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఈ స్థితి ఏర్పడుతుంది.

ఇవి కూడా చూడండి
* అమలాపురం
* కోనసీమ
* జి.ఎం.సి.బాలయోగి
* దక్షిణ మధ్య రైల్వే